ఇల్లు లాగే కేక

కెల్దావ్, చిలోయె దీవి
జూన్ 12, 1960

తమ్ముడు రోసమెల్‌కి,

నువ్వు ముందుగా అడిగేదేమిటో తెలుసు కనక దాంతోనే మొదలుపెడుతున్నాను. బతికే ఉన్నాం. నాన్న, నేను, రెండు జతల ఎడ్లు, ఒక పంది. కోళ్ల సంగతి అడక్కు.

ఆ ఆదివారం తర్వాత టపా స్టీమరు ఇవాళే మొదటిసారి వచ్చింది. ఆ రోజు భోజనాలయ్యాక గిన్నెలు తోముతున్నాను, నేల కదిలింది. పడిపోకుండా పొయ్యి కడ్డీ పట్టుకుంటే, పొయ్యే నన్ను వంటిల్లంతా తిప్పింది. తర్వాత సముద్రం వచ్చింది. మూడుసార్లు వచ్చింది. మన చెక్క ఇల్లు నీళ్ల మీద లేచి, నాలుగు బారలు పక్కకు జరిగి, పొదుగుడు కోడిలా మళ్లీ సర్దుకుని కూర్చుంది. ఒక్క కిటికీ పగల్లేదు. ఇల్లు కట్టిన నాన్నని మెచ్చుకోవాలి, కానీ ఆయన ఇప్పుడు మెప్పులు వినే స్థితిలో లేడు.

ఇల్లు బాగానే ఉంది, నేలే బాగాలేదు. ఊరు ఊరంతా నడుము లోతు కుంగిపోయింది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం పెరట్లోకి వస్తోంది. పున్నమికి వంటింట్లోకే వచ్చింది. దుంపల చేను ఉప్పుమడి అయింది. నాన్న పొయ్యి కింద రాళ్లు పేర్చి ఎత్తు చేశాడు, నేను మెడ చాచి వండుతున్నాను.

పోయినవాళ్ల సంగతి. సముద్రం వీళ్లని తీసుకుపోయింది. పక్కింటి అబెలీనో గినెయో బాబాయి, ఆయన కొడుకు నికనోర్, ఇంకో రెండిళ్లవాళ్లు. క్లోరిందా పిన్ని ఒక్కతే మిగిలింది. నికనోర్ నీ ఈడువాడు, నువ్వూ వాడూ ఒకే తెడ్డు కోసం కొట్టుకునేవాళ్లు. మిగతాది మరోసారి రాస్తాను, ఇప్పుడు ఓపిక లేదు.

రబ్బరు బూట్లు రెండు జతలు పంపు. ఒకటి నాన్నకి, ఒకటి నాకు. వంటింట్లో వేసుకోవడానికి.

నీ అక్క,
ఎతెల్వినా


పుంతా అరేనాస్
జూలై 3

అక్కా,

నీ ఉత్తరం వచ్చేదాకా తిన్నది ఒంటికి పట్టలేదు. చదివి మా ఆవిడ ఇంట్లోనే ఏడ్చింది, నేను బయటికెళ్లి ఏడ్చాను. నికనోర్ పోయాడంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నువ్వు రాయకపోయినా ఏం జరిగిందో ఊహించుకున్నాను. నాన్న నిన్ను రెక్క పట్టుకుని అందరికంటే ముందు పడవెక్కించి లోతుకి తీసుకుపోయి ఉంటాడు. నేల కదిలితే పడవెక్కు, గడ్డని నమ్మకు అని మన చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు కదా. నానమ్మ చిన్నప్పుడు వచ్చిన పెద్ద అలకి గడ్డ మీద ఊరు పోయి, పడవల్లో ఉన్నవాళ్లే మిగిలారట కదా. పాపం అబెలీనో బాబాయి వాళ్లు ఆలస్యం చేసి ఉంటారు.

ఇక్కడి మాంసం ఫ్యాక్టరీ క్యాంటీనులో మన దీవివాళ్లందరం ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. ఆ బల్ల ఇప్పుడు చాలా నిశ్శబ్దంగా ఉంటోంది. అబెలీనో బాబాయి అన్న కొడుకు ఎవారిస్తో కూడా ఇక్కడే పని చేస్తున్నాడు. వాడి భుజం తట్టి చెప్పాను, “మీవాళ్లు మా నాన్న మాట విని ఉంటే ఇవాళ బతికుండేవాళ్లురా” అని. వాడు తల ఎత్తకుండా సూపు తాగుతూ ఉండిపోయాడు. అంత దుఃఖంలో ఉన్నాడు.

ఇంటి సంగతికేముంది, లాగి గుట్టవారకి చేర్చండి. మన ఊళ్లో ఎన్నిళ్లు లాగలేదు? అడుగున రెండు మానులు కట్టి, ఊరందరి ఎడ్లూ కట్టి, నాన్న ఒక్క కేక వేస్తే పూర్తి. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఇల్లు లాగినా కేక వెయ్యడానికి ఆయన్నే కదా పిలిచేది. ఆ గొంతుకి ఎడ్లే కాదు, ఇళ్లు కూడా భయపడతాయని అబెలీనో బాబాయి నవ్వేవాడు.

బూట్లు ఈ స్టీమరుకే పంపుతున్నాను.

రోసమెల్


కెల్దావ్
జూలై 30

రోసమెల్‌కి,

బూట్లు అందాయి. రెండు జతలూ నాన్న కాలి కొలతే. నీకు అక్క ఉందన్న సంగతి గుర్తుంది కానీ దానికి కాళ్లున్నాయన్న సంగతి గుర్తులేదు. మూడు జతల మేజోళ్లు వేసుకుని లాగిస్తున్నాను.

ఇల్లు లాగడమంటే నువ్వు ఉత్తరంలో లాగినంత సులువు కాదు. నువ్వు మర్చిపోయావేమో, ఇల్లు ఎవరిదో ఆ మనిషే ఇంటింటికీ నడిచి వెళ్లాలి. గుమ్మంలో టోపీ తీసి, ఫలానా రోజు మీ ఎడ్లూ మీ చేతులూ వేడుకుంటున్నానని నోటితో అడగాలి. అలా అడిగితే కాదనేవాడు మన దీవిలో పుట్టలేదు. నాన్న అడగనంటున్నాడు.

నేను రెండుసార్లు అడిగి చూశాను. మొదటిసారి వినపడనట్టున్నాడు. రెండోసారి లేచి వెళ్లి తన మంచం కోళ్ల కింద దిమ్మలు పెట్టుకున్నాడు. ఈ లెక్కన కొన్నాళ్లకి ఆయన అటక మీద పడుకుంటాడు.

ఇంకో సంగతి. ఎడ్లని అదిలించడానికి కూడా నోరు తెరవడం లేదు. దగ్గరికెళ్లి వీపు మీద తడుతున్నాడు. అవి వెనక్కి తిరిగి చూస్తున్నాయి, ఈ ముసలాయనకేమైందన్నట్టు.

నాకు దిగులుగా ఉంది. ఇంటి అడుగు దూలాలు తడిసి నానుతున్నాయి. నిన్న గోరుతో నొక్కితే ఒకచోట గోరు దిగింది. ఇంకా మెత్తబడితే లాగడానికి పనికిరావు, లాగితే ఇల్లు విడిపోతుంది. ఈ చలికాలం పోయి వసంతకాలం పెద్ద పోట్లు వచ్చేలోగా కదల్చకపోతే ఇక మనకి ఇల్లు లేనట్టే. ఇల్లు లేకపోతే నేనెక్కడైనా ఉంటాను. ఆయన ఉండడు, నీకు తెలుసు.

అక్క


పుంతా అరేనాస్
ఆగస్టు 20

అక్కా,

కోపంగా రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

నాన్న అడగనన్నాడంటే నేను నమ్మను. ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లి లాగిన మనిషి తన ఇంటికి అడగడానికి ఎందుకు సిగ్గుపడతాడు? నాకు రెండే తోస్తున్నాయి. నీ ఆపిల్ చెట్లని వదిలి గుట్టకి పోవడం నీకే ఇష్టం లేక ఆయన పేరు చెబుతున్నావు. లేకపోతే ఆ ఊరివాళ్లే మొహం చాటేశారు. తమవాళ్లు పోయి, మన నాన్న బల్దొమేరో చిగ్వాయ్ ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదని కడుపుమంట.

అదే అయితే వాళ్లకి చెప్పాల్సినట్టు నేను చెబుతాను. ఎవారిస్తో ఈ వారం స్టీమరుకి ఊరికొస్తున్నాడు. అందరి ముందూ అనమని వాడికి చెప్పి పంపుతున్నాను: మా నాన్న మాట విన్నవాళ్లు మిగిలారు, విననివాళ్లు పోయారు, అందుకు ఆయన మీద ఉడుక్కుంటే ఎలా అని. ఈసారి కూడా ఏం మాట్లాడకుండా సంచి సర్దుకుంటున్నాడు, మహా మొద్దు మనిషి.

నీ కొలత బూట్లు వాడితోనే పంపుతున్నాను. నీ కాళ్లు గుర్తున్నాయి.

రోసమెల్


కెల్దావ్
సెప్టెంబరు 10

ఒరేయ్ రోసమెల్,

కూర్చుని చదువు. మొదట్లోనే రాయాల్సింది, చెయ్యి రాలేదు.

నేల కదలడం ఆగగానే నాన్న రేవులోకి పరుగెత్తాడు. “పడవలెక్కండి! అందరూ పడవలెక్కండి!” అని అరిచాడు. ఇళ్లు లాగే గొంతు అది. ఎవరి ఇంట్లో ఎవరేమనుకుంటున్నా ఆ కేక వినగానే కాళ్లు రేవుకే వెళ్లాయి. నేను వెళ్లలేదు. నాకు పడవెక్కితే వాంతులని నీకు తెలుసు, ముసలమ్మలతో కలిసి తెన్‌తెన్ గుట్టెక్కాను. కడలిపాము నీళ్లు పెంచితే నేలపాము గుట్టని పైకెత్తుతుందన్న కథ నమ్మేది వాళ్లే కదా, నాన్న దాన్ని ఆడవాళ్ల కబుర్లని నవ్వేవాడు. క్లోరిందా పిన్ని కూడా గుట్టకే పోదామంది. “బల్దొమేరో అన్న చెబుతున్నాడు కదే, ఇంకేం ఆలోచిస్తావు” అని బాబాయి కొడుకుని తీసుకుని పడవెక్కాడు. పిన్ని దుప్పటి కోసం ఇంట్లోకి వెళ్లి, అలా ఒడ్డున ఉండిపోయింది.

మొదట నీళ్లు మెల్లగా ఉబ్బాయి, పడవలు హాయిగా తేలాయి. గుట్ట మీద నుంచి చూసి మేమే తప్పు చేశామనుకున్నాను. తర్వాత సముద్రం వెనక్కి పోయింది, పడవల్ని కూడా ఈడ్చుకుపోయింది. ఇంకా ఎక్కనివాళ్లు గుట్ట వైపు పరుగెత్తారు. అది తిరిగొచ్చేటప్పుడు ఎలా వచ్చిందో రాయను. నాన్న ఎడ్ల కట్లు విప్పి ఆఖరి పడవెక్కుదామని వెనక్కొచ్చాడు. ఎడ్లు ఆయన్ని కొండవాలుకి లాక్కుపోయాయి, అందుకే ఉన్నాడు. అంతా అక్కడి నుంచే చూశాడు.

నానమ్మ కథ గురించి ఆ తర్వాత చాలా ఆలోచించాను. ఆ కథలో పడవల్లో మిగిలినవాళ్లు తెల్లవారుజామునే చేపలకని నడిసముద్రానికి పోయినవాళ్లు. నేల కదిలిందని ఒడ్డు నుంచి ఎవరూ పడవెక్కలేదు. సగం కథే మనింట్లో మిగిలింది. ఆ సగాన్నే నాన్న ఊరంతటికీ నేర్పాడు.

ఊరివాళ్లు మొహం చాటేశారంటావా? నాన్న ఎదురైతే ఆగి పలకరిస్తారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఎందుకు అడగవని మూడోసారి నిలదీస్తే అప్పుడు చెప్పాడు, “అడిగితే కాదనరమ్మా. నా మూలంగా మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి కూడా ఎడ్లు తోలుకుని వస్తుంది, రాకపోతే తప్పని. ఆ మనిషిని నేనెలా అడగను?” అని. మళ్లీ నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

ఎవారిస్తో వచ్చాడు. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక, గుడి ముందు, నీ మాటలు ఒక్కటి వదలకుండా చెప్పాడు. కోపంతో చెప్పలేదు. చెప్పమన్నావు, చెప్పాడు. నాన్న ఆ రోజు గుడికి రాలేదు, క్లోరిందా పిన్ని మాత్రం అక్కడే ఉంది. తల మీద గుడ్డ సరిచేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

బూట్లు సరిపోయాయి.

అక్క


పుంతా అరేనాస్
సెప్టెంబరు 28

అక్కా,

మూడు కాగితాలు చింపాను.

వాడి భుజం తట్టాను అక్కా, ఆ ముక్క అంటూ. వాడి పిన్నికి కూడా అదే మాట మోయించాను. సూపు తాగుతున్న వాడి మొహం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

వచ్చే నెలాఖరికి జీతం లేని సెలవు పెట్టి వస్తున్నాను. నాన్న బదులు నేను ఇంటింటికీ వెళ్లి అడుగుతాను. క్లోరిందా పిన్ని గుమ్మం ముందు మోకాళ్ల మీద నిలబడతాను. నాన్నకి నా కూతలు తెలియనివ్వకు.

రోసమెల్


కెల్దావ్
అక్టోబరు 16

తమ్ముడూ,

సెలవు పెట్టకు. మోకాళ్లు కూడా దాచుకో, ఇక్కడంతా బురద.

నాన్నకి నీ కూతలు తెలిశాయి. పోయిన పున్నమి పోటుకి వంటింట్లో చీలమండ లోతు నీళ్లున్నాయి. నేను పొయ్యి ముందు, నాన్న బల్ల మీద. తలుపు కొట్టకుండా క్లోరిందా పిన్ని లోపలికి వచ్చింది. బూట్లు కూడా లేవు, పావడా అంచు నీళ్లలో తేలుతోంది. గుడి ముందు విన్నది ఆయన మొహం మీద అడగాలని బయల్దేరిందని తర్వాత నాతో చెప్పింది. “నీ మాట విన్నవాళ్లు మిగిలారట, నీ కొడుకు చెప్పి పంపాడు” అని అననే అంది. నాన్న తల వంచుకున్నాడు. ఆవిడ దిమ్మల మీదెక్కిన మంచాన్ని చూసింది, రాళ్ల మీదెక్కిన పొయ్యిని చూసింది.

తర్వాత తల మీద గుడ్డ తీసింది. ఆడవాళ్లు అడగాలంటే అలాగే కదా తీసేది. నిలువునా నిలబడి, పెద్దలు నేర్పిన మాటల్లో అడిగింది.

“బల్దొమేరో అన్నా, గురువారం మా ఇల్లు గుట్టవారకి లాగాలి. మీ ఎడ్లూ మీ చేతులూ వేడుకుంటున్నాను.”

నాన్న బల్ల దిగి నీళ్లలో నిలబడ్డాడు. నన్నా అడుగుతున్నావు అన్నాడు.

“మిమ్మల్ని మన్నించడానికి రాలేదు. నాకు ఎడ్లు కావాలి. మానులు ఎక్కడ కట్టాలో తెలిసిన మనిషి కావాలి. అబెలీనో ఉంటే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు.”

అడిగాక కాదనే వీలు ఆయనకీ లేదు.

గురువారం ఊరంతా వచ్చింది. నాన్న పొద్దుటి నుంచీ ఒక్కడే రెండు మానులూ చెక్కి అడుగున బిగించాడు. తలుపులూ కిటికీలూ ఊడదీశారు, మోకులు కట్టారు, ఎడ్లన్నిటినీ వరసగా నిలబెట్టారు. ఇక కేకే తరువాయి. అందరూ నాన్న వైపు చూశారు. వాళ్లు ఎవరి వైపు చూస్తారు మరి, ఎప్పుడూ ఆయనే కదా. నాన్న నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. ఎడ్లు తోకలాడిస్తున్నాయి. ఎవరో దగ్గారు. వెళ్లి ఆయన్ని ఇంటికి తీసుకొచ్చేద్దామా అనుకున్నాను.

క్లోరిందా పిన్ని మోకు పట్టుకుని ఉంది. తల తిప్పకుండానే అంది, “అరవండి.”

నాన్న అరిచాడు. మొదటిది మూలుగులా వచ్చింది, ఎడ్లు కదల్లేదు. రెండోది పాత గొంతే. ఇల్లు కిర్రుమంటూ కదిలింది. చీకటి పడేలోగా గుట్టవారకి చేర్చి, తలుపులు పెట్టేశాం. పిన్ని అందరికీ ఆపిల్ కల్లు పోసింది. నాన్నకి కూడా పోసింది, ఆయన వైపు చూడకుండా.

ఇంటికొచ్చాక నాన్న చాలాసేపు ఏడ్చాడు. నేను చూడనట్టే దుంపలు తరిగాను.

అక్క


పుంతా అరేనాస్
నవంబరు 5

అక్కా,

మన ఇంటి సంగతి రాయలేదు. దూలాలు ఎలా ఉన్నాయి? ఇప్పుడైనా అడిగాడా?

రోసమెల్


కెల్దావ్
నవంబరు 27

రోసమెల్‌కి,

అడగలేదు. అవసరం రాలేదు. నువ్వు ఊరి లెక్కలు మర్చిపోయావు. పిన్ని ఇంటికి నాన్న ఒక రోజు పెట్టాడు, ఆ రోజు బదులు తీరాలి కదా. వారం తిరక్కుండా ఒక పొద్దున్న తలుపు తీసేసరికి పెరట్లో పిన్ని నిలబడి ఉంది. ఆవిడ ఎడ్లు, వెనక ఎవారిస్తో ఎడ్లు, ఆ వెనక మిగతా ఊరు. “బదులు తీర్చడానికొచ్చాం, లేవండి” అంది. నా దగ్గర వండడానికి ఏమీ సిద్ధంగా లేదు, పరువు పోయింది. గబగబా పందిని కోశాం. ఉన్నది అదొక్కటే.

ఒక దూలం దారిలో విరిగింది. ఎవారిస్తో వాళ్ల పడవ తెరచాప కొయ్య తెచ్చి కట్టాడు. ఇల్లు కాస్త ఎడమకి ఒరిగి కూర్చుంది. నాన్న బాగు చేస్తానంటున్నాడు, నాకు అలాగే బాగుంది. తలుపు ఎటు పెట్టాలని అడిగితే గుట్ట వైపు పెట్టమన్నాడు. సముద్రం కనపడాలంటే ఇప్పుడు నేను కోళ్ల గూడు దాకా నడవాలి. కొత్త కోళ్లు వచ్చాయి, నాలుగు.

చెప్పాల్సింది ఇది. అందరం ఇంటి ముందు కూర్చుని తింటున్నాం. దుంపరొట్టెలు పొయ్యి మీద నుంచి దిగుతూనే ఉన్నాయి. అప్పుడు నేల కదిలింది. పెద్దదేం కాదు, గ్లాసులు గలగలలాడాయి, కుక్క మొరిగింది. ఆ ఆదివారం తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. కానీ ఊరంతా ఒకే చోట ఉండగా ఇదే మొదటిది. మాటలు ఆగిపోయాయి. కొందరు రేవు వైపు చూశారు, అలవాటు కొద్దీ. తర్వాత ఒక్కొక్కరే తల తిప్పి నాన్న వైపు చూశారు.

నాన్న క్లోరిందా పిన్ని వైపు చూశాడు. ఆవిడ చేతిలో పళ్లెం అలాగే ఉంది, ఆవిడా ఆయన్నే చూస్తోంది.

“గుట్టకి” అన్నాడు నాన్న.

గట్టిగా కూడా అనలేదు. అందరూ లేచారు. ఎవరూ పళ్లెం కింద పెట్టలేదు, రొట్టెలు అటూ ఇటూ జారుతుంటే పట్టుకుంటూ తెన్‌తెన్ గుట్టెక్కాం. ముసలమ్మల్ని ఎవారిస్తో ఒకరి తర్వాత ఒకర్ని వీపు మీద మోశాడు. నాన్న కిందే ఉండి, ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి లోపల ఎవరూ లేరని చూసుకుని, ఎడ్లని వదిలేసి, ఆఖర్న ఎక్కాడు. ఆయన వచ్చేదాకా పిన్ని కూర్చోలేదు. వచ్చాక పక్కకి జరిగి చోటిచ్చింది.

సముద్రం ఆ సాయంత్రం ఏమీ చెయ్యలేదు. చల్లారిన రొట్టె తిని దిగొచ్చాం.

నువ్వు వచ్చేటప్పుడు పాత చోటికి వెళ్లి వెతక్కు, అక్కడ నీళ్లున్నాయి. రేవు నుంచి పైకి రా. మొదటిది పిన్ని ఇల్లు. ముందు అక్కడ టోపీ తియ్యి, తర్వాత మనింటికి రా.

అక్క ఎతెల్వినా